నక్షా గీసే ముందు నీడ కొలవండి

ఉమ్మడి పాలమూరు జిల్లా పట్టణాల్లో పార్కులకు నక్షాలు గీసే ఇంజనీర్లకు, ఆర్కిటెక్టులకు, ఆ నక్షాల మీద సంతకాలు పెట్టే అధికారులకు నమస్కారం.

ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ బడుల్లో జీవశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసిన టీచరును నేను. ఇప్పుడు నా బడి మా మిద్దె మీదే ఉంది. అందులో బీర, కాకర, వంగ, పుంటికూర చదువుకుంటున్నాయి. కొన్ని పాసవుతాయి, కొన్ని ఎండకు తాళలేక బడి మానేస్తాయి. మా నాన్న మట్టి పని మేస్త్రీ. ఏడాదిలో ఎనిమిది నెలలు జట్టును వెంటబెట్టుకుని, ఎక్కడ కాలువ తవ్వుతుంటే అక్కడికి, ఎక్కడ కట్ట పోస్తుంటే అక్కడికి పోయేవాడు. మొక్కల సంగతి నాకు చదువు నేర్పింది, గోడల సంగతి మా నాన్న నేర్పాడు. ఈ లేఖ రాసే ధైర్యం ఆ రెండింటి వల్ల వచ్చిందే.

మా కాలనీ పార్కులో ఒక భవనం కడతారని విన్నాను. పిల్లలకు చెట్లనూ పిట్టలనూ పరిచయం చేయడానికి ఒక గది, కాలనీవాళ్లు కలిసి కూరగాయలు పండించుకోవడానికి కొన్ని మడులు, పారా గంపా దాచుకోవడానికి చోటు ఉంటాయట. ఆలోచన బంగారం లాంటిది. నా భయమంతా అది కాగితం మీదికి ఎక్కేటప్పుడు ఏమవుతుందోననే.

అలాంటి భవనం ఒకటి ఇదివరకే చూశాను. ఊరి పేరు చెప్పను. ఏప్రిల్ నెల, మధ్యాహ్నం మూడు గంటలు. భవనానికి పడమటి వైపు నేల నుంచి కప్పు దాకా అద్దం. లోపల నున్నటి టైల్సు, గోడ మీద పులి బొమ్మ, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఏసీ కోసం వదిలిన కన్నం. తలుపుకు తాళం. తాళంచెవి ఎవరి దగ్గర ఉందో కాపలా మనిషికి తెలియదు. అతను కుర్చీ తెచ్చుకుని వేపచెట్టు కింద కూర్చున్నాడు. అన్ని లక్షలు పోసి కట్టిన కప్పు అతనికి ఒక్క పూట అక్కరకు రాలేదు. అద్దం అడుగున పిగిలిపిట్ట ఒకటి వెల్లకిలా పడి ఉంది. తోక కింది ఎర్ర ఈకలు ఇంకా తాజాగానే ఉన్నాయి, కంటి దగ్గర మాత్రం చీమలు చేరాయి. "అద్దంలో చెట్టు కనబడుతుంది కదమ్మా, దాని మీద వాలదామని వస్తాయి. వారానికి ఒకటో రెండో ఇట్లా పడతాయి" అన్నాడు. పక్షుల మీద పెద్ద పుస్తకాలు రాసినవాళ్లు చెప్పే కారణం కూడా సరిగ్గా ఇదే. తలెత్తి చూస్తే బోర్డు మీద 'ప్రకృతి కేంద్రం' అని ఉంది.

ఆ అద్దాన్ని పడమటికి తిప్పినవాళ్లు ఏనాడూ ఆ స్థలంలో మధ్యాహ్నం నిలబడలేదు. హైదరాబాదులో చల్లటి గదిలో కూర్చుని కంప్యూటర్‌లో గీస్తే ఉత్తరమంటే ఒక బాణం గుర్తు, అంతే.

మన జిల్లా పట్టణాలు చాలావరకు 16, 17 డిగ్రీల ఉత్తర అక్షాంశాల నడుమ ఉన్నాయి. అంటే ఏడాదిలో రెండుసార్లు, మే మొదటి వారంలో ఒకరోజు, ఆగస్టు మొదటి వారం ప్రాంతంలో ఒకరోజు, సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. నిటారుగా పాతిన కర్రకు ఆ క్షణంలో నీడ ఉండదు. ఈ పాఠం చెప్పడానికి నాకెప్పుడూ చిక్కే: మేలో బడికి సెలవులు, ఆగస్టులో ఆకాశానికి మబ్బులు. అందుకని మే నెలలో వీధి పిల్లలనే పోగేసి, వాకిట్లో కర్ర పాతి చూపించేదాన్ని. నీడ కర్ర మొదట్లోకి ముడుచుకుపోతుంటే పిల్లలు ఊపిరి బిగబట్టేవాళ్లు. ఆ రెండు రోజుల మధ్య మూడు నెలలూ మిట్టమధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరం వైపు ఉంటాడు. 'మిట్టమధ్యాహ్నం ఉత్తరపు గోడకు ఎండ తగలదు' అన్న మాట ఢిల్లీలో చెల్లుతుంది గానీ పాలమూరులో చెల్లదు.

దీని నుంచి మీ నక్షాకు కావలసినవి నేరుగానే తేలతాయి. ఎండాకాలం మధ్యాహ్నపు ఎండ ఎక్కువగా పడేది కప్పు మీద. పొద్దున, సాయంత్రం ఏటవాలుగా పడేది తూర్పు, పడమటి గోడల మీద. కప్పు అంచు ఎంత ముందుకు జరిపినా సాయంత్రపు ఎండ దాని కింద నుంచి దూరివస్తుంది. కాబట్టి భవనం పొడుగు తూర్పు పడమరలుగా సాగాలి, తూర్పు పడమటి ముఖాలు వీలైనంత ఇరుకుగా ఉండాలి. పనిముట్ల గది, మరుగుదొడ్లు పడమటి కొసకు నెట్టండి. ఆ వేడి పారలకు తగిలితే ఎవరికీ నష్టం లేదు. ఉత్తర దక్షిణాలు రెండు వైపులా లోతైన వసారాలు వేయండి. గది చిన్నదైనా పర్వాలేదు, వసారా పెద్దదిగా ఉండాలి. మన ఊళ్లలో పని జరిగేదీ, మాట జరిగేదీ అరుగు మీదే కదా. పుంటికూర తుంచుకోవాలన్నా, విత్తనాలు ఒలుచుకోవాలన్నా గదిలోకి పోయి తలుపు వేసుకునేవాళ్లు ఎవరూ ఉండరు.

మా నాన్న కట్టిన మట్టి మిద్దెలో మే నెల మధ్యాహ్నం కూడా నిద్ర పట్టేది. దూలాల మీద దంతెలు పరచి, వాటి మీద మూరెడు మందాన మట్టి వేసి తొక్కిన కప్పు అది. పగటి వేడి లోపలికి దిగేలోపు పొద్దు గూకేది. ఇప్పటి అయిదంగుళాల కాంక్రీటు స్లాబు సాయంత్రానికల్లా పెనంలా కాగి, ఆ వేడిని రాత్రి పదకొండు దాకా మన మీద కుమ్మరిస్తుంది. మళ్లీ మట్టి మిద్దెలే కట్టమని నేను అనడం లేదు. ఏటా వానకు ముందు వాటికి మట్టి తొక్కించే ఓపిక ఏ ఆఫీసుకూ ఉండదని నాకు తెలుసు. కానీ స్లాబు మీద కొంత ఎత్తున గూనపెంకుల రెండో కప్పు వేసి నడుమ గాలి ఆడనివ్వవచ్చు. అదీ కుదరకపోతే ఏటా ఎండాకాలానికి ముందు సున్నం కొట్టించవచ్చు. గోడకు ఇటుకలను అంచు మీద నిలబెట్టి మధ్యలో బోలు వదిలే పద్ధతి ఒకటుంది, కేరళలో లారీ బేకర్ అనే ఆర్కిటెక్టు దాన్ని ఊరూరా వాడి చూపించాడు. ఇటుకలు దాదాపు నాలుగో వంతు మిగులుతాయి, బోలులో నిలిచిన గాలి వేడిని అడ్డుకుంటుంది. కింద పరచడానికి తాండూరు నాపరాళ్లు దగ్గరలోనే దొరుకుతాయి, నీళ్లు చల్లితే చల్లబడతాయి, బురద కాళ్లతో తొక్కినా సిగ్గుపడవు. మట్టి పని, రాతి పని తెలిసిన చేతులు ఈ జిల్లాలో ఇంకా ఉన్నాయి. పనికోసం ముంబయి, పుణె బస్సులెక్కుతున్నవి ఆ చేతులే. ఇక్కడి పార్కులో గోడకు మెరిసే అల్యూమినియం రేకు బిగించడానికి ఎక్కడి నుంచో మనుషులను తెప్పించి, ఇక్కడి మేస్త్రీని బస్సెక్కించడంలో ఏం తెలివి ఉందో నాకు అర్థం కాదు.

కప్పు చేయవలసిన రెండో పని నీళ్లు పట్టడం. లెక్కల టీచరును కాకపోయినా ఇది చెప్పగలను. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. రెండు వందల చదరపు మీటర్ల కప్పు మీద ఒక్క సెంటీమీటరు వాన కురిస్తే రెండు వేల లీటర్లు. ఏడాదికి 600 మిల్లీమీటర్లు కురుస్తుందనుకుని, అందులో అయిదో వంతు ఆవిరికీ మొదటి మురికి వానకూ వదిలేసినా 96,000 లీటర్లు. ఇప్పుడు ఖర్చు చూడండి. పది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు ఉన్న మడులు ముప్పై వేస్తే మొత్తం సాగు సుమారు 110 చదరపు మీటర్లు. రోజుకు చదరపు మీటరుకు అయిదు లీటర్లు పోసినా 550 లీటర్లు. ఇరవై వేల లీటర్ల తొట్టి ఒకసారి నిండితే, చుక్క వాన లేకుండా నెల రోజులకు పైగా తోట బతుకుతుంది. పక్క నల్లగొండ జిల్లా పల్లెలను ఫ్లోరైడ్ నీళ్లు ఎంత కుంగదీశాయో చూసినవాళ్లం మనం, మన జిల్లాలోనూ ఆ బాధ ఉన్న ఊళ్లు ఉన్నాయి. బోరు నీళ్ల సంగతి చెప్పలేం గానీ ఆకాశం నుంచి కప్పు మీద పడే నీళ్లలో ఆ విషం ఉండదు. తొట్టి నిండాక పొర్లిన నీరు ఇంకుడుగుంతలోకి, చేతులూ కూరగాయలూ కడిగిన నీరు అరటికీ మెట్టతామరకూ పోవాలి. ఈ గొట్టాలన్నీ పిల్లలకు కనిపించేలా గోడ బయటే పెట్టండి. వాన పడుతుండగా గొట్టానికి చెవి ఆనించిన పిల్లవాడికి నీటి పొదుపు మీద ఉపన్యాసం అక్కర్లేదు.

ఇక వెలుతురు సంగతి. ఈ మాట మీకు ఎవరూ చెప్పి ఉండరనుకుంటున్నాను. పార్కు అనగానే నాలుగు మూలలా ఎత్తైన స్తంభాలు, వాటి మీద పట్టపగలును తలపించే దీపాలు. సొరపువ్వు మునిమాపున విచ్చుకుంటుంది. తెల్లగా, చీకట్లో కనిపించడానికే పుట్టినట్టు ఉంటుంది. బీరపువ్వు కూడా సాయంత్రమే కళ్లు తెరుస్తుంది. వాటి మీద వాలేవి రాత్రిపూట తిరిగే రెక్కల పురుగులు. మీ దీపం వెలిగిందంటే అవి పూల దారి మరిచి దీపం చుట్టూ తిరిగి తిరిగి తెల్లారేసరికి స్తంభం కింద రాలిపోతాయి. పొద్దున్నే వచ్చిన ఇల్లాలు 'పూత పూస్తోంది, పిందె నిలవడం లేదు' అంటుంది. నా మిద్దె మీద పక్కింటివారి దీపం వల్ల రెండేళ్లు ఇదే జరిగింది. చివరికి నేనే దూదిపుల్లతో మగపువ్వు పుప్పొడి ఆడపువ్వుకు అద్దేదాన్ని. కాబట్టి మడుల వైపు దీపాలు నడుము ఎత్తుకు మించకుండా, వెలుతురు నేలకే పడేలా, పార్కు మూసే వేళకు ఆరిపోయేలా పెట్టండి. ఆడవాళ్ల భద్రత కోసం దారి పొడుగునా వెలుతురు కావాలి, అందులో మొహమాటం లేదు. దారికి పెట్టండి, మడికి వద్దు.

వంకాయది మరో కథ. దాని పుప్పొడి గొట్టాల్లాంటి కేసరాల లోపల దాగి ఉంటుంది, కొసన ఉన్న సన్నటి కన్నం గుండానే బయటికి రావాలి. నల్ల తుమ్మెద వచ్చి పువ్వును కరుచుకుని ఒళ్లంతా ఝుమ్మని కంపింపజేస్తే, డబ్బాలోంచి ఉప్పు రాలినట్టు పొడి రాలుతుంది. తేనెటీగకు ఆ విద్య రాదు. గాలి ఊపుకు కూడా కొంత రాలుతుంది గానీ తుమ్మెద తాకిన పువ్వు కాయ కట్టే తీరే వేరు. ఆ తుమ్మెద ఇల్లు కట్టుకునేది ఎండుకొయ్యలో. మన పార్కుల్లో ఎండుకొమ్మ కనిపిస్తే అదొక అనాచారంలా కోసి పారేస్తారు. మీ వసారాకు ఆనించి రంగు పూయని మోటు దుంగ ఒకటి నిలబెట్టి వదిలేయండి. ఖర్చు సున్నా. అలాగే గోడ పైభాగంలో 32 మిల్లీమీటర్ల కన్నంతో కొన్ని బోలు ఇటుకలు అమర్చితే పిచ్చుకలు కాపురం పెట్టగలవు. గోడల మీద సీతాకోకచిలుకల బొమ్మలు వేయించడానికి మనకు ఎప్పుడూ డబ్బు ఉంటుంది. ఆ గోడ పక్కన ఒక కరివేపాకు, ఒక నిమ్మ, ఒక తంగేడు నాటితే బొమ్మలోని పురుగు తానే వచ్చి గుడ్లు పెడుతుంది. గొంగళిపురుగు ఆకు తింటుంది, ఆకుకు కన్నాలు పడతాయి. అప్పుడు మందు కొట్టించకుండా ఉండటమే కష్టం.

పాముల సంగతి అడుగుతారని తెలుసు. వస్తాయి. ఎరువు గుంత ఉన్నచోట ఎలుకలు, ఎలుకలున్నచోట జెర్రిపోతు. ఎరువు తొట్లను రాతి గట్టు మీద జాలీతో కట్టండి, పనిముట్ల గదికి గడప ఎత్తుగా పెట్టండి, చీకటి మూలలు వదలకండి. అంతకు మించి దాచిపెట్టి లాభం లేదు.

మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రిని ఒక్కసారి తలచుకోండి. మనకున్న అతి పాత సామూహిక భవనం అది. ఏడు వందల ఏళ్ల నాటిదని చెప్పుకుంటాం, మూడెకరాల మేర నీడ. దానికి ఒక్క గోడ లేదు, ఉన్నవన్నీ ఊడల స్తంభాలే. 2017 డిసెంబరులో ఒక పెద్ద కొమ్మ విరిగి పడినప్పుడు చూస్తే కొయ్యను చెదలు తొలిచేశాయని తేలింది. సందర్శకులను ఆపి, మరుసటి ఏడాది రోగికి సెలైన్ ఎక్కించినట్టు చెట్టుకు సీసాలు కట్టి చుక్క చుక్కగా మందు ఎక్కించారు. ఆ ఫొటోలు దేశమంతా చూసింది. నేను కూడా పిల్లలను విహారయాత్రకు అక్కడికే తీసుకెళ్లేదాన్ని. వందల పాదాలు తొక్కితే వేళ్ల మీద మట్టి బండలా గట్టిపడుతుందని, ఊడ నేలను అందుకోకపోతే కొమ్మకు ఊతం దొరకదని పాఠంలో చెప్పి, ఆ నేల మీదే వాళ్లను పరుగులు పెట్టించేదాన్ని. నా తప్పు నేను ఒప్పుకున్నాను కాబట్టి మీకొకటి చెబుతాను: మీ స్థలంలో ఉన్న చెట్ల కొమ్మలు ఎంత దూరం పరుచుకున్నాయో నేల మీద ముగ్గుతో గీయండి. ఆ గీత లోపల పునాది వద్దు, పేవర్ ఇటుకలు వద్దు. చెట్టు మొదలు చుట్టూ సిమెంటు గట్టు కట్టి దానికి ఎర్రరంగు పూయడం అసలే వద్దు.

పునాది తవ్వే ముందు జానెడు పైమట్టిని వేరుగా తీసి ఒక పక్కన కుప్ప పోయించండి. మన ఎర్ర చల్క నేలలో పంటకు పనికొచ్చే సత్తువ ఉన్నది ఆ జానెడులోనే. మామూలుగా అది టిప్పర్లలో ఎటో పోతుంది, పని అయ్యాక సిమెంటు పెళ్లలూ టైల్సు ముక్కలూ కలిసిన తుక్కును 'గార్డెన్ ఏరియా'లో చదును చేసి, దాని మీద గడ్డి తివాచీ పరుస్తారు.

మా వీధి చివర ఎనభై ఏళ్ల పెద్దమ్మ ఒకామె ఉంటుంది. ఊళ్లో భూమి పోయాక కొడుకు దగ్గరికి వచ్చింది. ఇంటి చుట్టూ అంతా సిమెంటే. ఒక వానాకాలం పార్కు ప్రహరీ పక్కన కర్రతో బొక్కలు పొడిచి, కొంగున ముడి వేసి తెచ్చుకున్న చిక్కుడు, సొర గింజలు పెట్టింది. ఎవరినీ అడగలేదు, అడగాలని ఆమెకు తోచలేదు. తీగ కంచె మీదికి పాకి, చిక్కుడు ఊదారంగు పూత పూసింది. అటుగా నడిచేవాళ్లు ఆగి చూసేవాళ్లు. పిందె పడే వారంలో గడ్డి కోసే మనుషులు వచ్చి మొదలంటా పెరికి పడేశారు. నక్షాలో అక్కడ లాన్ ఉందట. ఆమె తిట్టలేదు. వాడిన తీగను ఒళ్లో వేసుకుని, ఏ కాయలోనైనా గింజ గట్టిపడిందేమోనని గోటితో చీల్చి చీల్చి చూస్తూ కూర్చుంది. ఒక్కటీ దొరకలేదు. ఆ చిక్కుడు ఏ రకమో ఇప్పుడు చెప్పలేను, గింజ మీద నల్ల చార ఉండేదని మాత్రం గుర్తు.

మీరు కట్టే భవనంలో విత్తనాలకు ఒక అలమర ఉండాలని నేను పట్టుబట్టేది అందుకే. ఉత్తరపు గోడకు, చెమ్మ తగలకుండా, చీమలు ఎక్కకుండా. మట్టి కుండల్లో బూడిద కలిపి దాచడం ఆ పెద్దమ్మకు తెలుసు, పిల్లలకు ఆమె చెబుతుంది. మడి వెడల్పు నాలుగు అడుగులు మించకపోతే రెండు వైపుల నుంచీ నడిమికి చేయి అందుతుంది. నాలుగైదు మడులను రెండున్నర అడుగుల ఎత్తున కట్టిస్తే నడుము వంగనివాళ్లూ, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లూ పని చేసుకోగలరు. వసారాలోకి ర్యాంపు ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. అంతకన్నా నిటారుగా కడితే అది బొమ్మ ర్యాంపు. ఆడవాళ్ల మరుగుదొడ్డి ప్రధాన గది తాళంతో పని లేకుండా బయటి నుంచి తెరుచుకోవాలి.

మడులు ఎవరికి అన్నది నక్షాలో ఉండదు గానీ తగాదా అంతా అక్కడే. చూస్తూ చూస్తూ ఉండగానే కాలనీ సంఘం పెద్దలకు, వాళ్ల తోడల్లుళ్లకు చేరిపోతాయి. ఏటా మృగశిర కార్తెకు అందరి ముందూ చీటీలు తీయండి. సగం మడులు సొంత ఇల్లూ సొంత మిద్దే లేని కిరాయిదారులకు, కూలీ కుటుంబాలకు కేటాయించండి. తాళంచెవులు మూడు చేయించి, ఒకటి తోటమాలికి, రెండు మడులు చేసేవాళ్లలో ఇద్దరు ఆడవాళ్లకు ఇవ్వండి. పెళ్లి రిసెప్షన్లకు, రాజకీయ సమావేశాలకు భవనాన్ని కిరాయికి ఇవ్వబోమని కాగితం మీద రాసుకోండి. ఒక్కసారి బిర్యానీ గుండిగ లోపలికి వచ్చిందంటే మడులు పార్కింగ్ అవుతాయి.

డబ్బు లేదనకండి. 2019 నాటి తెలంగాణ పురపాలక చట్టం బడ్జెట్‌లో పది శాతాన్ని హరిత బడ్జెట్‌గా పక్కన పెట్టాలని చెప్పింది. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలనీ చెప్పింది. ఆ డబ్బుతో మొక్కలు కొని ఫొటోలు దిగడం కన్నా, ఒక తోటమాలికి మూడేళ్లు సరిగ్గా జీతం ఇస్తే బతికే మొక్కల లెక్క అదే సరిపోతుంది.

చెప్పదలచుకున్నది చాలావరకు చెప్పాను. నక్షా ఇంకా పెన్సిలు దశలోనే ఉంటే ఒక పని చేయండి. మే మొదటి వారంలో ఏదో ఒకరోజు పన్నెండు గంటలకల్లా మా పార్కుకు రండి. పన్నెండుంపావు ప్రాంతంలో కర్ర నీడ మాయమవుతుంది. అక్కడి నుంచి సాయంత్రం అయిదు దాకా ఉండి, గంటకొకసారి నీడ ఎటు పోతున్నదో నేల మీద సున్నంతో గుర్తు పెడదాం. కర్ర నేను తెస్తాను, సున్నం డబ్బా పట్టుకోవడానికి వీధి పిల్లలు సిద్ధంగా ఉన్నారు. కుండెడు మజ్జిగ కూడా తెస్తాను. టోపీ మాత్రం మీరే తెచ్చుకోవాలి, ఎందుకంటే ఆ పార్కులో ఇప్పటికైతే కూర్చోవడానికి నీడ ఉన్నది ఒక్క వేప కిందే, అక్కడా ఒక కాపలా మనిషి కుర్చీ ఉంది.

ఇట్లు,
మీ స్థలానికి రెండు వీధుల అవతల మిద్దె తోట ఉన్న రిటైర్డ్ టీచరు